బురుజు మీది చెట్లకు నీళ్లు

మా అక్క బీడీల చాట అడుగున నాకొక ఊరు దొరికింది. ఎల్లారెడ్డిలో అక్క ఇంటికి రంగులు వేయిస్తున్నామని అటక మీది సామాను దించుతుంటే, గోనెసంచిలో చుట్టిపెట్టిన పాత చాట చేతికొచ్చింది. చాట సందుల్లోంచి తంబాకు రాలిపోకుండా అడుగున ఎప్పుడూ ఏదో ఒక అట్టముక్క పరిచేది ఆమె. ఆ అట్టముక్క తీసి దులిపితే, జిడ్డుపట్టి నల్లబడ్డ ఒక రంగుల కార్డు. తడిగుడ్డతో తుడిచి వెలుగులో పెట్టి చూశాను. ఇటుకల బురుజు, ఆ బురుజు నెత్తి మీద ఏడు చెట్లు. ఇరవై ఏళ్ల కిందట ఇటలీ దేశంలోని లుక్కా అనే ఊరి నుంచి నేనే పంపిన కార్డు. రోజూ వేళ్లు రాసుకున్న చోట ఆకాశం అరిగిపోయి తెల్లబడింది. చెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

నన్నెరిగిన వాళ్లు ఈపాటికే ముసిముసిగా నవ్వుతుంటారు. కామారెడ్డి బస్టాండు నుంచి ఎల్లారెడ్డి బస్టాండు దాకా, నా మాటల్లో సగం తీసేసి మిగతా సగాన్ని దులిపి చూసుకునే జనం బోలెడు మంది ఉన్నారు. వాళ్ల తప్పేమీ లేదు. అందుకని ముందే ఒక మాట చెప్పుకుంటాను. ఇందులో ఎక్కడైనా నమ్మబుద్ధి కానిది తగిలితే దాన్ని ధైర్యంగా నమ్మేయండి, అది ఉన్నదే. సాఫీగా, కడుపు నిండినట్టుగా అనిపించే చోటే కాస్త ఆగి చూసుకోండి.

అమ్మ మొహం నాకు గుర్తులేదు. నాన్న చెరుకు కోతలకని, ఇటుక బట్టీలకని ఏడాదిలో సగం రోజులు మహారాష్ట్ర వైపే ఉండేవాడు. నాకంటే పద్నాలుగేళ్లు పెద్దదైన ఎస్తేరక్కే నన్ను సాకింది. పెళ్లయి లింగంపేట నుంచి ఎల్లారెడ్డికి కాపురానికి వచ్చేటప్పుడు ఒక చేత్తో రేకు పెట్టె, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని బస్సు దిగిందట. పెట్టె పోతుందేమోననే ఎక్కువ భయపడిందట, నేను తప్పిపోతే ఎట్లాగూ అరుస్తానని తెలుసు గనక నా గురించి నిమ్మళంగా ఉందట. బావ కామారెడ్డి గంజి మార్కెట్లో హమాలీ. వారానికొకసారి వచ్చేవాడు, అన్నం తిని పడుకునేవాడు, తెల్లారి పోయేవాడు. ఆయన జీవితంలో నాతో ఆడిన మాటలన్నీ కలిపి ఒక బీడీ మీద రాయొచ్చు. అంచేత ఆ ఇంట్లో మగ గొంతు అంటే నాదే, అదీ ఇంకా పగలని గొంతు.

సాయంత్రం పూట అక్క బీడీలు చుట్టే తునికాకు కట్టలు విప్పి, నీళ్లు చిలకరించి, తడిగోనెలో చుట్టి మూలకు పెట్టేది. తెల్లారి ఆ గోనె విప్పగానే ఇల్లంతా వానపడ్డ అడవి వాసన. పొయ్యి మీద జొన్న గటక ఉడుకుతుంటే, పక్కనే కూర్చుని కొలత రేకు పెట్టి ఆకు కత్తిరించేది. కత్తెర చప్పుడూ గటక ఉడికే చప్పుడూ కలిసిపోయి, ఆకలి చప్పుడంటే ఇదేనేమో అనిపించేది నాకు. మధ్యాహ్నం దాటేసరికి వాడకట్టు ఆడవాళ్లు పది పన్నెండు మంది ఎవరి చాట వాళ్లు పట్టుకుని మా రేకుల పందిరి కిందికి చేరేవాళ్లు. కాళ్లు చాపుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఆకులో చిటికెడు తంబాకు పోసి, దొర్లించి, మూతి మడిచి, తోకకు దారం చుట్టి తెంపడం. ఇదంతా ఊపిరి పీల్చి వదిలేంతలో అయిపోయేది. చేతులు ఆగకూడదు. చేతులు ఆగకుండా ఉండాలంటే మనసుకు ఏదో ఒక పని కల్పించాలి. ఆ పని నాది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి పడేసి, పందిరి గుంజకు ఆనుకుని కథ ఎత్తుకునేవాణ్ణి.

"ఏం కథరా ఇయ్యాల?" అని అడిగేది మా పక్కింటి రాజవ్వ. "మొన్నటి బర్రె యాడిదాక వొయ్యింది?"

మొన్నటి బర్రె మహమ్మద్‌నగర్‌లో ఒక ఆసామిది. అది బస్సు హారను మోగినట్టే అరిచేది. దాని అరుపు విని జనం మూటలతో సహా రోడ్డు మీదికి పరిగెత్తేవాళ్లు. చివరికి నిజం బస్సు వచ్చినా ఎవరూ కదలని పరిస్థితి వచ్చింది. అట్లా నాలుగు రోజులు లాగాను ఆ బర్రెను. వాక్యానికొకసారి పందిరి కింద "ఊ" అని వినపడేది. చెప్పేవాడికి ఊ ఎంత అవసరమో చెప్పనివాళ్లకు తెలియదు. రాజవ్వ ఊ పొడుగ్గా, నిద్రలోంచి వచ్చినట్టు ఉండేది. అక్క ఊ పొట్టిది. పళ్ల మధ్య దారం పట్టుకుని అనేది గనక ముక్కులోంచి వచ్చేది. ఆ చిన్న ఊ వినపడకపోతే నాకు తరవాతి మాట దొరికేది కాదు. అయితే నాకు గిట్టని సంగతి ఒకటుండేది. కథ మధ్యలో ఎవరైనా ఇంటి ముచ్చట ఎత్తేవాళ్లు. అత్త తిట్టిందనో, బీడీ కార్ఖానాలో కట్టలు బాగాలేవని పక్కకు తోసేశారనో. అంతే, ఊ మాయమయ్యేది. పన్నెండు నోళ్లు ఒక్కసారే తెరుచుకునేవి. ఎప్పుడు, ఎవరు, ఎందుకట, నువ్వేమన్నవు, అబ్బో నాకు చెప్పకు. ఒకరి మాట మీద ఒకరు పడేవాళ్లు. నా బర్రె రోడ్డు మీద నిలబడిపోయేది. మళ్లీ వాళ్లు ఊ కొట్టే దాకా కాచుకుని కూర్చునేవాణ్ణి.

లుక్కాకు నేను చేరిన వైనం పెద్దదేం కాదు. కామారెడ్డిలో ఒక హాస్టలు వంటశాలలో పని చేస్తుండగా, అక్కడికి వచ్చిపోయే చర్చి సిస్టరమ్మ ఒకామె ఇటలీలో ఒక పెద్దాయనకు వండిపెట్టి కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలట, పోతావా అని అడిగింది. ఇటలీ అనేది ఎక్కడుందో తెలియకుండానే పోతానన్నాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పెద్దాయన పేరు బ్రూనో. చెప్పులు కుట్టి బతికి, చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం మూసేసినవాడు. భార్య పోయింది. కూతురు వేరే ఊళ్లో ఉండేది, పండగలకు వచ్చేది. మూడో అంతస్తులో మూడు గదులు, డెబ్బై రెండు మెట్లు, ఆయనా నేనూ.

ఇక ఆ ఊరి అందం చెప్పాలంటే, నాలాంటివాడికి అక్కడ పనే లేదు. కోయాల్సిన కోతలన్నీ ఊరే కోసిపెట్టుకుంది. ఊరి చుట్టూ గోడ. దాని మీద రెండు బస్సులు పక్కపక్కన పోయేంత వెడల్పు. పొడవునా పెద్ద పెద్ద చెట్లు, బెంచీలు, సైకిళ్ల మీద ముసలమ్మలు. ఊరిని ఒకసారి చుట్టి రావడానికి గంట నడక. ఊరి మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఒక మైదానం. రెండువేల ఏళ్ల కిందట అక్కడ జనం గుమిగూడి కొట్లాటల ఆటలు చూసేవాళ్లట. ఆ ఆటలు పోయి, మెట్లు పూడిపోయాక, మిగిలిన గోడలకే ఇళ్లు అతికించుకున్నారు. మా ఇల్లు అందులోదే. అందుకే మా వంటింటి గోడ వంకర. అలమర ఆనించి పెడితే వెనకాల పిల్లి దూరేంత సందు మిగిలేది. అన్నం వండుతూ ఆ వంకర గోడ మీద చెయ్యి వేస్తే, ఏ కాలపు జనమో అటు పక్కనుంచి ఒరుసుకుని కూర్చున్నట్టు చల్లగా తగిలేది.

వీధి మూలల్లో కుళాయిలు ఎప్పుడూ పారుతుండేవి. ఇళ్లలో నీళ్లున్నా జనం సీసాలు పట్టుకుని వచ్చి అక్కడి నీళ్లే పట్టుకునేవాళ్లు. చర్చీలు లెక్కలేనన్ని. ప్రతి గంటా తన టైము తనదే అన్నట్టు మోగేది గనక, ఊరంతా పన్నెండు కొట్టడం పూర్తయ్యేసరికి పన్నెండూ ఐదయ్యేది. చలికాలం మొదట్లో వీధుల్లో ఏదో గింజ కాల్చి అమ్మేవాళ్లు. కాస్త మన చిలగడదుంప రుచి, పొగ వాసన. ఇంకో రొట్టె చేసేవాళ్లు, ఎండుద్రాక్ష, సోంపు వేసి. ఆ దుకాణం ముందు నుంచి పోతే కామారెడ్డిలో పాన్ డబ్బా ముందు నుంచి పోయినట్టే ఉండేది. మామూలు రొట్టెలో మాత్రం ఉప్పు వేసేవాళ్లు కాదు. మరిచిపోయి కాదు, తరతరాలుగా అంతే. ఇక ఆ ఊరి మర్యాద. పాల దుకాణం ఆయన, ఎదురు బాల్కనీలో బట్టలారేసే ఆవిడ, మెట్ల మీద ఎదురయ్యే ముసలాళ్లు, అందరూ నాకు శుభోదయం చెప్పేవాళ్లు. రోజుకు నలభై శుభోదయాలు. దాని తరవాతి మాట ఏమిటో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి ఫోను చేసేవాణ్ణి. అప్పటికి ఎల్లారెడ్డిలో మధ్యాహ్నం దాటేది. మా ఇంటి పక్క కిరాణా దుకాణంలో ఉన్న ఫోనుకు ఒక మీట నొక్కితే గొంతు అందరికీ వినపడేది. అందుకని ఆదివారాలు మా పందిరి మొత్తం చాటలతో సహా ఆ దుకాణం అరుగు మీదికి మారేది. బడి నుంచి వచ్చి కథ చెప్పిన పిల్లవాడే ఇప్పుడు ఇటలీ నుంచి చెబుతున్నాడు, అంతే తేడా.

"అక్కా, ఈడ ఒక బురుజున్నది," అన్నాను మొదటి నెలలోనే. "దాని నెత్తి మీద ఏడు చెట్లున్నయి."

"నెత్తి మీద చెట్లా? మన్ను యాడిదిరా దానికి?"

"మన్ను పోసి పెట్టిండ్రట."

"వేర్లు వారితే గోడ పలగదా? నాకు చెప్పకు నువ్వు."

రాజవ్వ గొంతు అడ్డం వచ్చింది. "గాలి దుమారమొస్తే కింద పోయేటోని మీద పడయారా?"

"పడలే రాజవ్వా. వందల ఏండ్ల సంది గట్లనే ఉన్నయట."

"నువ్వు చూసినవా వందల ఏండ్లు?"

అరుగు మీద నవ్వులు. ఒకామె నీళ్లెట్ల పోస్తరని అడిగింది. ఇంకొకామె ఎండాకాలం ఆకు రాలితే ఎవరు ఊడుస్తరని అడిగింది. కళ్లారా చూసిన నిజం చెబుతుంటే ఇన్ని అడ్డు ప్రశ్నలా అని నాకు ఒళ్లు మండింది. ఇక నా దారి నేను పట్టాను.

"నీళ్లు పోసే నౌకరి నాదే. ఐతారం ఐతారం రెండు బిందెలు వట్టుకొని రెండు వందల మెట్లెక్కుత. పైన నలుగురు దోస్తులుంటరు. నీళ్లు పోసుడైనంక అందరం గా చెట్ల నీడకే కూసొని తింటం."

"ఊ," అంది అక్క.

"ఊ," అంది రాజవ్వ, పొడుగ్గా.

ఎంత హాయిగా తగిలిందో ఆ ఊ. ఆ వారమే దుకాణంలో బురుజు బొమ్మ కార్డు కొని, రుజువు కోసం పోస్టులో పంపాను. అది అందాక కూడా రాజవ్వ, బొమ్మల ఏమన్న గీస్తరు, అని కొట్టిపారేసింది. దాంతో నాకు ఒక సూత్రం దొరికిందనుకున్నాను. మా వాళ్లు నిజాలు నమ్మరు, అబద్ధాలు నమ్ముతారు. ఉప్పు లేని రొట్టె అంటే గంటసేపు కొట్లాట. గడ్డి తినే పశువుకు కూడ ఉప్పు పెడ్తం గదరా, మనుషులకు లేకుంటెట్ల, అని అక్క. బ్రూనో గారి చుట్టాలు ఇరవై మంది ఆదివారం పెద్ద బల్ల చుట్టూ కూర్చుని తింటారని, మొదట నాకే వడ్డిస్తారని చెప్పాను. ఊ. జ్వరం వస్తే ఎదురింటావిడ మూడు రోజులు గంజి కాచి తెచ్చిందని చెప్పాను. ఊ. ఒక పండక్కి ఊళ్లోవాళ్లంతా నన్ను భుజాల మీద ఎత్తుకుని గోడ చుట్టూ తిప్పారని కూడా చెప్పినట్టు గుర్తు. దానికీ ఊ.

ఫోను పెట్టేశాక జరిగేది వేరు. ఆదివారం మధ్యాహ్నం పెద్దాయన పడుకునేవాడు. నేను ఒక రొట్టె ముక్క, గాజు సీసా సంచిలో వేసుకుని గోడ మీదికి పోయేవాణ్ణి. సీసాలో అక్క పంపిన మామిడి తొక్కు పచ్చడి. మావైపు నుంచి ఎవరో సిస్టరమ్మ ఏడాదికొకసారి వస్తే ఆమె పెట్టెలో వచ్చేది. బెంచీ మీద కూర్చుని, చెంచా కొసతో ఇంత తీసి రొట్టెకు రాసుకునేవాణ్ణి. సీసా అడుగు కనపడుతున్న కొద్దీ రాసేది సన్నబడేది. నా ముందునుంచి కుటుంబాలు నడిచిపోయేవి, కుక్కలు నడిచిపోయేవి, చేతులు పట్టుకున్న ముసలి జంటలు నడిచిపోయేవి. అందరూ పలకరించేవాళ్లు. ఎక్కడ కూర్చున్నా ఊరి కప్పుల మీదుగా ఆ బురుజూ దాని నెత్తిన చెట్లూ కనిపించేవి. ఎనిమిదేళ్లున్నాను గాని ఆ బురుజు ఒక్కనాడూ ఎక్కలేదు. ఎక్కడానికి టిక్కెట్టు ఉంది, కారణం అది కాదు. అంత పైకి ఎక్కాక "అగో, అటు చూడు" అని ఎవరితో అంటాం?

ఒకరోజు కూరగాయలు తెస్తూ దారి తప్పి ఒక సందులోకి పోయాను. రెండడుగులు వేయగానే కాళ్లు ఆగిపోయాయి. తంబాకు వాసన. సిగరెట్టు పొగ వాసన కాదు, పచ్చి తంబాకు, తడి ఆకు, గోనె, మనుషుల చేతుల వాసన. అక్క జడ వాసన. అక్క నాకు అన్నం కలిపి పెట్టినప్పుడు ముద్దలో ఎంత కడిగినా వచ్చే వాసన. ఎత్తయిన గోడ అవతల చుట్టలు చేసే కార్ఖానా ఉందట. తరతరాలుగా ఆడవాళ్లు కూర్చుని చేతులతోనే చుట్టలు చుడతారట. సంచి కింద పెట్టి, ఆ గోడకు వీపు ఆనించి, గంటలు మోగి ఆగిపోయే దాకా నిలబడ్డాను. ఇంట్లో పప్పు మాడుతుందని కూడా గుర్తు రాలేదు.

"అక్కా, ఈడ గూడ ఆడోళ్లు చుట్టలు చేస్తరు, మన లెక్కనే," అన్నాను ఆ ఆదివారం.

"తెల్లోళ్లా?"

"తెల్లోళ్లే."

"కింద కూసొనా, కుర్సీల మీదనా?"

"బల్లల ముంగట కూసుంటరట."

"మరి ఆకు ఎవరు నానవెడ్తరు? తుమ్ములొస్తయా వాళ్లకు? సంటి పోరగాండ్లను యాడ పండవెడ్తరు? బాగలేనియి ఏరి అవతల పడేస్తరా, మన కార్ఖానల లెక్క?"

"నాకేం ఎరికె అక్కా."

"ఎరికె లేంది చెప్పుడెందుకు? పొయ్యి అడుగు."

మళ్లీ నమ్మలేదనుకున్నాను. పౌరుషానికి ఆ వారమంతా బ్రూనో గారిని పీడించాను. నాకొచ్చిన నాలుగు ముక్కలతో, మిగతాది చేతులతో. ఆయన లేచి లోపలి గది నుంచి ఒక ఫోటో తెచ్చాడు. ఆయన భార్య పెళ్లికి ముందు ఆ కార్ఖానాలోనే చుట్టలు చేసేదట. సాయంత్రం గేటు తెరిస్తే ఆడవాళ్లు గుంపుగా బయటికి వచ్చేవాళ్లు. ఆయన మూల మీద నిలబడి, అంత గుంపులోనూ ఆమెను వాసనతోనే పట్టేవాడినని చెప్పి నవ్వాడు. ఎట్లా సాధ్యం, అందరిదీ ఒకటే వాసన కదా అన్నాను. కాదని వేలు ఊపాడు. తుమ్ములు వచ్చేవట, ముఖ్యంగా సెలవు తరవాతి రోజు. పసిపిల్లలకు వేరే గది ఉండేదట. ఇవన్నీ మోసుకుపోయి వచ్చే ఆదివారం అక్కకు అప్పగించాను. ఆమె ఇంకో పది ప్రశ్నలు చేతిలో పెట్టి పంపింది. అట్లా కొన్ని వారాలు బ్రూనో గారికీ మా అక్కకూ మధ్య నేను ఉత్తరాల మనిషినయ్యాను. ఆ కొద్ది వారాలే ఆ ఇంట్లో నాకు పొద్దు తెలియలేదు.

బ్రూనో గారు చెప్పేవాటిలో సగం నాకు అర్థమయ్యేవి కావు. అర్థం కానప్పుడల్లా అలవాటు కొద్దీ ఊ అనేవాణ్ణి. మొదట్లో వింతగా చూశాడు. రాను రాను నేను పరధ్యానంలో పడి ఊ మరిచిపోతే, ఆయనే చెప్పడం ఆపి, నా మొహంలోకి చూసి "ఊ?" అని గుర్తుచేసేవాడు. లుక్కా నగరంలో ఊ నేర్చుకున్న మొదటి మనిషి ఆయనే. ఇది కోత అనుకునేవాళ్లు నేను మొదట్లో చెప్పిన మాట మళ్లీ చదువుకోండి. ఒక వసంతకాలపు పొద్దున కాఫీ తీసుకుపోతే ఆయన లేవలేదు. కూతురు వచ్చింది. నన్ను కావలించుకుని ఏడ్చింది, మా నాన్నకు కొడుకులా చేశావు అంది. నేను తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. వంకర గోడకు ఆనించిన నా పెట్టె తీసుకుని డెబ్బై రెండు మెట్లు దిగాను.

ఇప్పుడు కామారెడ్డి స్టేషను దగ్గర నాకొక చిన్న బేకరీ ఉంది. పైన ఒక గది, అందులో నేను. పెళ్లి సంగతి అడగొద్దు. దానికి నా దగ్గర పదకొండు కథలున్నాయి, ఒకదానికొకటి పొసగవు. ఒకసారి ఉప్పు లేని రొట్టె చేసి మూడు రోజులు అమ్మకానికి పెట్టాను. ఒకాయన సగం కొరికిన రొట్టె వెనక్కి తెచ్చి, "సేటూ, నీకు మనసు మంచిగ లేనట్టున్నది, ఉప్పు మరిచినవ్" అన్నాడు. మనిషి మంచివాడు, డబ్బులు కూడా అడగలేదు. వారానికొకసారి బస్సెక్కి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వచ్చి అక్కను చూసి పోతాను. లింగంపేటలో పాత మెట్లబావి ఒకటుంది. మేం చిన్నప్పుడు ముళ్లకంపా చెత్తా నిండి, పాముల భయానికి ఎవరూ తొంగి చూడని చోటు. ఇప్పుడు బాగుచేశారు. ఆ మెట్ల అందం చూస్తుంటే, ఊరికి అందం ఉండటం వేరు, ఆ ఊళ్లో మనల్ని అడిగేవాళ్లుండటం వేరని అనిపిస్తుంది. లుక్కాలో మొదటిది ఉండేది. ఇక్కడ రెండోది ఉండేది. మా పందిరి రేకులు తుప్పుపట్టి ఎప్పుడో ఊడిపోయాయి. ఉన్న కొద్దిమందీ ఎవరింట్లో వాళ్లు, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ బీడీలు చేసుకుంటున్నారు. కథ చెబితే ఊ కొట్టేవాళ్లు లేరు, వేలితో ఒక బొమ్మ నొక్కి పంపుతారు. అక్క వేళ్లు వంకరపోయాయి. చూపు సన్నగిల్లి, చాట అటకెక్కింది.

ఆ కార్డు చేతిలో పట్టుకుని గడప మీద కూర్చుని ఉండగా, కర్ర పొడుచుకుంటూ రాజవ్వ వచ్చింది. పందిరి వాళ్లలో మిగిలిన పెద్దామె ఇప్పుడు తనే. రంగుల వాసనకు ముక్కు చిట్లించి, కార్డు లాక్కుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"గిది గా చెట్ల బురుజే గద. చాటల ఏసుకొని దినాం చూసుకుంటుండె మీ అక్క."

"చూసి ఏం లాభం రాజవ్వా," అన్నాను, పాత కసి ఒకటి లోపల మెదిలి. "ఉన్నది ఉన్నట్టు చెప్తె ఒక్కరు నమ్మకపోతిరి. చెట్లకు నీళ్లు పోస్తున్న అంటె మాత్రం అందరు నమ్మిండ్రు."

"ఎవరు నమ్మిండ్రు?"

"ఊ కొట్టిండ్రు గద అందరు."

రాజవ్వ కార్డు దించి నా వైపు చూసింది. పిచ్చివాణ్ణి చూసినట్టు కాదు, తప్పిపోయినవాణ్ణి చూసినట్టు.

"ఓ కొడుకా. ఊ ఎవరన్న నిజం ముచ్చటకు కొడ్తరారా? కథకు కొడ్తరు. ముచ్చటైతే అడుగుతం, కొట్లాడ్తం. అన్నేండ్లు గా పందిరి కింద కూసుంటివి, గిదే తెల్వదా నీకు?"

ఆమె కార్డు మీది చెట్లను వేలితో పొడిచి చూపింది.

"దోస్తులన్నవ్, ఊ అన్నం. ఇరవై మందితోని బువ్వ అన్నవ్, ఊ అన్నం. ఫోను పెట్టినంక మీ అక్క దారం తెంపకుంట గట్లనే కూసునేది. ఒక్కడే ఉన్నడు రాజవ్వా అనేది. అడుగరాదే అంటి ఒకపారి. అడిగితే చెప్పుడు బందు జేస్తడు, ఫోను గూడ జెయ్యడు, చెప్పనియ్యి అన్నది."

లోపల గోడకు బ్రష్షు కొడుతున్న చప్పుడు. నాకు మన్ను యాడిదిరా అన్న గొంతు వినపడింది. వేర్లు వారితే గోడ పలగదా. తుమ్ములొస్తయా వాళ్లకు. ఎనిమిదేళ్లు ఆ ప్రశ్నల మీద విసుక్కున్నాను.

గోడ తడుముకుంటూ అక్క బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది. వచ్చిన ప్రతిసారీ అడిగేదే అడిగింది.

"కామారెడ్డిల ఎట్లున్నదిరా తమ్మీ? తిండి గిట్ల?"

"మంచిగున్నదక్కా," అన్నాను. నోరు దాని దారిన అది పోయింది. "పక్క వాటా వాళ్లు దినాం కూర పంపుతరు. పొద్దుగూకితే దోస్తులొస్తరు, అందరం కూసొని..."

"ఊ," అంది అక్క.

పళ్ల మధ్య దారం లేదు, సగం పళ్లే లేవు. అయినా అదే ఊ, పొట్టిది, ముక్కులోంచి వచ్చేది. ఆమె వేళ్లు ఒళ్లో ఖాళీగా ఏదో దొర్లిస్తున్నాయి.

రాజవ్వ చేతిలోంచి కార్డు తీసుకుని అక్క ఒళ్లో పెట్టాను. "అక్కా, ఈ బురుజు నేను ఎన్నడు ఎక్కలే."

ఊ రాలేదు. ఆమె వేళ్లు ఆగాయి.

"నీళ్లు పోసుడు లేదు, దోస్తులు లేరు. ఐతారం ఐతారం గోడ మీద కూసొని, నువ్వు పంపిన తొక్కు రొట్టెకు రాసుకొని తింటుంటి. ఒక్కన్నే. ఇప్పుడు గూడ గంతే, కామారెడ్డిల."

అక్క బొటనవేలు కార్డు మీద మెల్లగా తడిమి, చెట్లు ఎక్కడున్నాయో అక్కడికి వచ్చి నిలబడింది. రాజవ్వ కర్ర రెండు చేతులా పట్టుకుని వీధి వైపు చూస్తోంది. నేను ఊ కోసం చెవులు రిక్కించి ఉన్నాను, రాకూడదని.

"గా సీసల తొక్కు ఎన్ని దినాలొస్తది," అంది అక్క. "అది అయిపోయినంక దేనితోని తిన్నవురా?"